బుజ్జీ, ఛార్జి అన్న మాట వస్తే కాస్త ఆగు

బుజ్జీ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి, నువ్వు ఉద్యోగం మానేసి విజయవాడలో ఇంట్లోనే కూర్చుని ఇంగ్లీషు కాగితాలు తెలుగు చేసే పని మొదలుపెడుతున్నావని చెప్పాడు. చెప్పాడంటే నన్ను తిట్టాడులే, "అంతా నీ పోలికే" అని. మీ పిన్ని నవ్వేసి పడుకుంది గానీ నాకు మాత్రం నిద్ర పట్టలేదు, సంతోషం ఒక పక్క, టెన్షన్ ఒక పక్క. గుంటూరు బ్రాడీపేటలో మెట్ల కింద గదిలో టైపు మిషను ముందు పెట్టుకుని నేను చేసిన పనే కదా ఇది. నాకు పేజీకి ఇంతని ఇచ్చేవాళ్లు, నీకు మాటకి ఇంతని ఇస్తారట.

మామూలు జాగ్రత్తలు నీకు తెలిసినవే. రేటు ముందే రాయించుకో, కొత్తవాళ్ల దగ్గర సగం అడ్వాన్సు తీసుకో, ఫైలు రెండు చోట్ల దాచుకో, రాత్రి పన్నెండు దాటాక చేసింది పొద్దున్నే పైకి చదువుకోకుండా పంపకు. అంతే.

కష్టమైన మాటలు చూసి భయపడకు. తెలియని మాట వస్తే ఎవరైనా డిక్షనరీ తీస్తారు. నన్ను ముంచింది తెలిసిన మాట. ఛార్జి. (రన్ అనే ఒక్క క్రియకే ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీ వాళ్లు 645 అర్థాలు లెక్కపెట్టారు, కానీ రన్ తప్పు చేస్తే మహా అయితే చదివినవాళ్లు నవ్వుతారు.) ఈ ఛార్జి మన ఇంట్లో మనిషైపోయింది. ఫోన్‌కి ఛార్జింగ్ పెడతాం, ఆటో ఛార్జీ ఇస్తాం, కరెంటు ఛార్జీలు చూసి గుండె పట్టుకుంటాం, పేపర్లో లాఠీ ఛార్జి అని చదువుతాం, కొత్త ఆఫీసరు ఛార్జి తీసుకున్నాడంటాం, పోలీసులు ఛార్జిషీటు వేశారంటాం. ఇన్ని సార్లు నోట్లో నానిన మాట కదా, కాగితం మీద కనబడితే కన్ను ఆగదు, జారిపోతుంది.

1988లో నాకు ఇరవై ఐదేళ్లు. ఒకావిడ పొన్నూరు వైపు నుంచి బస్సులో వచ్చింది. చేతిలో గుడ్డ సంచి, సంచిలో నాలుగు మడతలు పెట్టిన కోర్టు డిక్రీ. మొగుడు వదిలేస్తే మనోవర్తికి దావా వేసి గెలిచింది, కానీ కాగితం ఇంగ్లీషులో ఉంది, లాయరు దగ్గరికి మళ్లీ వెళ్తే ఫీజు అడుగుతాడని నా దగ్గరికి వచ్చింది. రెండు పేజీలు. పది రూపాయలన్నాను. కొంగు ముడి విప్పి రెండు ఐదు నోట్లు తీసి బల్ల మీద పెట్టి, చేత్తో సాపు చేసింది. ఆ నోట్లు చెమటకి తడిసి ఉన్నాయి.

డిక్రీలో ఏముందంటే, నెలనెలా రావలసిన మనోవర్తికి షెడ్యూలు ఆస్తి మీద ఛార్జి ఉంటుంది అని. ఆ ఆస్తి మొగుడి పేరున ఉన్న ఎకరంన్నర మాగాణి. నేనేం రాశానో తెలుసా? "షెడ్యూలు ఆస్తికి సంబంధించి ఛార్జీలు ఉండును." గర్వంగా, ఒక్క కొట్టివేత లేకుండా టైపు చేశాను. అసలు అర్థం ఏమిటంటే, మనోవర్తి బాకీ పడితే ఆ పొలం నుంచి రాబట్టుకునే హక్కు ఆవిడకి ఉందని. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో నూరో సెక్షను చూడు, అందులో ఛార్జి అంటే ఇదే. తాకట్టు కాదు గానీ ఆస్తిని పట్టుకుని ఉండే బరువు. అదే సెక్షనులో ఇంకో మాట కూడా ఉంది, ఆ బరువు సంగతి తెలియకుండా డబ్బిచ్చి కొన్నవాడి మీద దాన్ని అమలు చేయడం కుదరదని. అందుకే అది నలుగురికీ తెలిసేలా రిజిస్ట్రారు ఆఫీసులో ఎక్కించుకోవాలి. నేను సరిగ్గా రాసి ఉంటే ఆవిడ ఆ పనే చేసేదేమో.

ఏడాదిన్నర తర్వాత మళ్లీ వచ్చింది. మొగుడు పొలం అమ్మేసి ఊరు వదిలిపోయాడు. కొన్నవాడు నాకేం తెలీదన్నాడు. మరి ఇన్నాళ్లూ కోర్టు వైపు ఎందుకు వెళ్లలేదమ్మా అని అడిగాను, తప్పు నాది అని అప్పటికి నాకు తెలీదు. "ఆ ఆస్తి మీద ఛార్జీలు ఉంటాయని రాశారుగా అయ్యా, ఎంతవుతాయో రాయలేదు, అన్ని డబ్బులు నా దగ్గర ఎక్కడివి" అంది. పక్క గదిలో ఉండే ఒక లాయరు గారికి డిక్రీ చూపిస్తే రెండు నిమిషాల్లో చెప్పేశాడు. చెప్పి, నా టైపు కాగితం చూసి, ఏమీ అనకుండా తిరిగి ఇచ్చేశాడు. తిట్టినా బాగుండేది. నేను ఆవిడకి ఆ పది రూపాయలు తిరిగి ఇచ్చాను. తీసుకోదేమో, తీసుకోకుండా నన్ను ఇంకా చిన్నబుచ్చుతుందేమో అనుకున్నాను. తీసుకుంది. లెక్కపెట్టుకుని కొంగున ముడేసుకుంది. ఆవిడకి బస్సు ఛార్జీ కావాలిగా.

అందుకే నువ్వు బ్యాంకు కాగితాలు చేస్తావని వినగానే నా ప్రాణం అక్కడికి పోయింది. వాటిల్లో ఒకే పేజీలో రెండూ ఉంటాయి. చివర ఎస్ ఉన్న ఛార్జీలు చాలావరకు మనం కట్టే రుసుములు, ఎస్ లేకుండా ఆస్తి పక్కన ఒంటరిగా కనబడితే అది బ్యాంకు వాళ్ల హక్కు. కానీ ఆస్తి మీద ఇద్దరు ముగ్గురికి హక్కులుంటే దానికీ ఎస్ వస్తుంది, కాబట్టి అక్షరాన్ని నమ్మకు, వాక్యం చదువు. నేనైతే హక్కు దగ్గర "ఆస్తిపై భారం" అని రాస్తాను, ఈసీలో (ఆస్తి మీద ఎవరికైనా హక్కులున్నాయేమో చూపించే రిజిస్ట్రారు ఆఫీసు కాగితం) వెతికేదీ భారమే కదా.

అసలు ఈ మాట పుట్టిందే బరువులో. లాటిన్‌లో బండిని కర్రుస్ అంటారు, బండికి సరుకెత్తడం అనే మాట ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చి ఛార్జి అయింది. కారు, కార్గో, క్యారీ అన్నీ ఆ ఇంటి పిల్లలే. తుపాకీలో మందు కూరడం, బ్యాటరీలోకి కరెంటు ఎక్కించడం, మనిషికి బాధ్యత అప్పగించడం, నెత్తిన నేరం వేయడం, అన్నీ ఎత్తడమే. మనకీ ఉందిగా అలాంటిది, మోపు! గడ్డి మోపు, పన్ను మోపారు, నేరం మోపారు, భారం మోపారు. ఇది తట్టిన రోజు మీ పిన్నిని వంటింట్లోంచి పిలిచి మరీ చెప్పాను, పాలు పొంగిపోయాయి. ఎద్దు మనిషి మీదికి ఉరకడాన్ని కూడా ఛార్జి అంటారు, అది మాత్రం మోపులో ఇమడదు, దాని దారి దానిదే.

డిశ్చార్జి అంటే ఆ బరువు దించడం. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల వరద నీళ్లు కిందికి వదులుతున్నారని టీవీలో చెప్తుంటే, నీ ఫోన్ కలవక మేమిద్దరం పడిన బాధ నీకు తెలీదు. అదీ డిశ్చార్జే, ఆస్పత్రి నుంచి ఇంటికి పంపించేదీ డిశ్చార్జే, అప్పు తీరిపోవడమూ డిశ్చార్జే.

ఇప్పుడు కాస్త తిడతాను. నువ్వు చేసిన శాంపిలు మీ నాన్న వాట్సాప్‌లో పంపాడు. వాక్యం నడక బాగుంది, నిజంగా. కానీ ఒకడి మీద హత్య ఛార్జి ఉందన్న చోట "హత్య చేసిన వ్యక్తి" అని రాశావేమిటే? ఆరోపణ ఎవరైనా చేస్తారు, ఛార్జిషీటు పోలీసులు కోర్టుకి ఇస్తారు, అభియోగం కోర్టు ఖాయం చేస్తుంది, విచారణంతా అయ్యాక గానీ దోషి అవునో కాదో తేలదు. నువ్వు జడ్జీ కంటే ముందే తీర్పు ఇచ్చేశావు. అలాగే అభియోగం దాకా వెళ్లకుండా కోర్టు డిశ్చార్జి చేస్తే "నిర్దోషిగా విడుదల" అని రాయకు. నిర్దోషి అని తీర్పొస్తే అదే నేరానికి మళ్లీ విచారించడానికి లేదు, డిశ్చార్జికి ఆ రక్షణ లేదు.

ఇంత రాసి నిన్ను భయపెట్టానేమో. వదిన మాటలకి కుంగిపోకు, ఆవిడ నీ జీతం గురించి బెంగపడుతోంది, నీ గురించి కాదు. మొదటి నెల డబ్బులు తక్కువొస్తే నాకు చెప్పు, మీ నాన్నకి చెప్పకు. అనుమానం వస్తే పది లోపు ఎప్పుడైనా ఫోన్ చెయ్, కాటరాక్టు ఆపరేషన్ అయ్యాక స్క్రీను మీద చదవలేకపోతున్నా, ప్రింటు తీసుకుని ఆదివారం రా. ఆ 1988 కాగితం కార్బన్ కాపీ బీరువాలో ఉంది, చూపిస్తాను. రెండో పేజీ, కింద నుంచి నాలుగో వరుస.

మీ బాబాయ్