గప్పీ చేప పిల్లలు మాయమైపోతున్నాయి, బ్రీడింగ్ బాక్స్ కొనాలా?

కొనకండి. తొట్టిలో రంగురాళ్లు, ఒక ప్లాస్టిక్ కోట తప్ప ఏమీ లేవని, పొద్దున కనిపించిన పిల్లలు సాయంత్రానికి ఉండట్లేదని రాశారు. వాటిని తింటున్నది మీ పెద్ద గప్పీలే, కన్నతల్లితో సహా. దాక్కునే చోటు లేకపోతే అంతే.

బ్రీడింగ్ బాక్స్ అంటే కాన్పుకొచ్చిన చేపను వేరుగా ఉంచే చిన్న పెట్టె. అందులో వేసిన ఆడచేప గోడకు ముక్కు కొట్టుకుంటూ తిరుగుతూనే ఉంటుంది. ఆ టెన్షన్‌కి రోజులు నిండకుండానే పిల్లల్ని వదిలేయడం, ఒక్కోసారి తనే చనిపోవడం కూడా జరుగుతుంది. మా ఇంట్లో పని చేసింది నాచు. జావా మాస్ గానీ హైడ్రిల్లా గానీ వేలు దూరనంత గుబురుగా, కొంత నీటి పైన తేలేలా వేయండి. పిల్లలన్నీ బతకవు, బతకాల్సిన అవసరమూ లేదు. నాచు చెరువు నుంచి తెస్తే మాత్రం జాగ్రత్త, అందులో తూనీగల పిల్లపురుగులుంటాయి, అవి గప్పీ పిల్లల్ని పట్టి తినేస్తాయి. బాగా కడిగి, కొన్ని వారాలు వేరే బకెట్లో ఉంచాకే తొట్టిలో వేయండి.

ఇంకో దొంగ ఫిల్టర్. మోటారు ఫిల్టర్ పిల్లల్ని లాగేసుకుంటుంది. దాని మూతికి స్పాంజి తొడగండి, లేదా ఎయిర్ పంపుతో నడిచే స్పాంజి ఫిల్టర్ పెట్టండి. ఆ స్పాంజిని కుళాయి కింద కడగొద్దు, తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండండి. లేదంటే మలినాన్ని విరగ్గొట్టే మంచి బ్యాక్టీరియా క్లోరిన్‌కి పోతుంది.

ఇక నీళ్లు. గప్పీలకు ఖనిజాలు ఎక్కువున్న గట్టి నీళ్లే ఇష్టం, బోరు నీళ్లని భయపడకండి. ఆర్వో నీళ్లు ఒక్కటే పోయొద్దు. మున్సిపల్ నీళ్లయితే ఒక రోజు బకెట్లో ఉంచండి, లేదా యాంటీ క్లోరిన్ చుక్కలు వేయండి. వారానికి పావు వంతు మార్చితే చాలు.

కాన్పు దగ్గరపడితే తెలిసిపోతుంది. పొట్ట చివరి మచ్చ నల్లబడి, పొట్ట చదరంగా అవుతుంది. లేత రంగు చేపల్లో ఆ మచ్చ లోపల పిల్లల కళ్లు కూడా కనిపిస్తాయి. పిల్ల చుట్టుకుపోయి బయటపడుతుంది, క్షణాల్లో విప్పుకుని నాచులోకి దూరుతుంది. మామూలు మేతనే వేళ్ల మధ్య పొడి చేసి, రోజుకు మూడు నాలుగు సార్లు చిటికెడు వేయండి. ఉడికించిన గుడ్డు సొన కూడా తింటాయి కానీ నీళ్లు త్వరగా పాడవుతాయి, నేనైతే వేయను.

మగచేప లేకుండానే మళ్లీ పిల్లలు ఎలా పెట్టిందని అడిగారు. గప్పీ ఆడచేప ఒకసారి జత కలిస్తే ఆ వీర్యాన్ని నెలల తరబడి దాచుకుంటుంది, 21 నుంచి 30 రోజులకోసారి పిల్లల్ని కంటూ పోతుంది. షాపులో కొన్నది దాదాపు ఎప్పుడూ చూలుతోనే వస్తుంది. మీకు నచ్చిన రంగే కావాలంటే ఆడ, మగ పిల్లల్ని మూడు వారాలు దాటనివ్వకుండా వేరు చేయాలి. పొట్ట కింది రెక్క సన్నని పుల్లలా మారుతున్నవి మగవి.

నిజానికి మీ అసలు సమస్య ఇంకా మొదలవలేదు. నాచు వేశాక కొన్ని నెలల్లో తొట్టి నిండిపోతుంది. ఎక్కువైన వాటిని తీసుకునే షాపు ఇప్పుడే చూసి పెట్టుకోండి. చెరువులో, కాలువలో మాత్రం వదలకండి, ఇవి ఇక్కడి చేపలు కావు.