డ్రైవర్ థ్రెడ్ ఒక్కోసారి నిద్ర లేవకపోవడానికి కారణం

సెన్సర్ డ్రైవర్‌లోని కెర్నెల్ థ్రెడ్ (ఆపరేటింగ్ సిస్టమ్ లోపలే నడిచే పని) రెండు మూడు రోజులకొకసారి నిద్రపోయి మళ్లీ లేవడం లేదనీ, కారణం కనుక్కుందామని ప్రింట్‌కే (కెర్నెల్ లాగ్‌లో సందేశం రాసే ఫంక్షన్) పెడితే సమస్యే మాయమవుతోందనీ మీరు రాశారు. నాకూ అచ్చం ఇదే ఎదురైంది. ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల్లో ఆక్సిజన్‌ను కొలిచే పెట్టెకు నెల్లూరులో కూర్చుని లినక్స్ డ్రైవర్ రాశాను. సరిగ్గా ఆక్సిజన్ బాగా పడిపోయే తెల్లవారుజామునే ఒకనాడు రీడింగులు ఆగిపోయాయి. ఏరియేటర్లు వేయమని హెచ్చరించవలసిన పెట్టె మూగబోయినందుకు గుంట యజమాని చేత నేను పడ్డ మాటలు ఇక్కడ అనవసరం.

నేను రాసిన వరుస ఇది: డేటా వచ్చిందా అని ఫ్లాగును చూడడం, రాకపోతే సెట్_కరెంట్_స్టేట్‌తో టాస్క్‌ను, అంటే ఆ థ్రెడ్‌ను, నిద్రస్థితికి మార్చడం, ఆపై షెడ్యూల్‌ను పిలిచి ప్రాసెసర్‌ను వదిలేయడం. మొదటి రెండు పనుల నడుమ ఇంటరప్ట్ (డేటా సిద్ధమని సెన్సర్ ఇచ్చే సంకేతం) వస్తే, దాన్ని అందుకునే హ్యాండ్లర్ ఫ్లాగు పెట్టి, థ్రెడ్‌ను లేపే వేక్_అప్‌ను పిలుస్తుంది గానీ, థ్రెడ్ ఇంకా మెలకువగానే ఉంది కనుక ఆ పిలుపు వృథా అవుతుంది. థ్రెడ్ మాత్రం తాను చూసిన పాత విలువనే నమ్మి నిద్రలోకి జారుకుంటుంది. మా సెన్సరేమో పాత రీడింగు చదివితే తప్ప కొత్త ఇంటరప్ట్ ఇవ్వదు. ఇక లేపేవారెవరు?

ప్రింట్‌కే కేవలం కాలవ్యవధిని మారుస్తోంది. నేను ఆ రెండు పంక్తుల మధ్యనే ఎండిలే (నిద్రపోకుండానే కాసేపు ఆపి ఉంచే ఫంక్షన్) పెట్టి సందును వెడల్పు చేయగానే, రోజుల తరబడి దొరకని దోషం నిమిషంలోపే దొరికింది.

వరుసను తిప్పండి: ముందు స్థితిని మార్చి, తర్వాత ఫ్లాగును చూసి, అప్పటికీ డేటా రాకపోతేనే షెడ్యూల్‌ను పిలవాలి, వచ్చి ఉంటే స్థితిని టాస్క్_రన్నింగ్‌కు, అంటే మెలకువకు, తిప్పాలి. ఇలా చేస్తే నడుమ వచ్చిన వేక్_అప్ ఆ స్థితిని తానే మార్చేస్తుంది. సెట్_కరెంట్_స్టేట్‌లో మెమరీ బారియర్ (మెమరీలో రాతలు, చదువుల వరుస తారుమారు కాకుండా ఆపే అడ్డు) ఉంది. ముందు రెండు అండర్‌స్కోర్లున్న రూపంలో లేదు కనుక, దాన్ని వాడితే ఆర్మ్ రకం చిప్‌లలోనే కాదు, ఎక్స్86 రకంలో కూడా ప్రాసెసర్ రాతకన్నా ముందే చదువును జరపగలదు. నన్నడిగితే ఇదంతా చేత్తో రాయకుండా, ఈ వరుసంతా తనలోనే ఉన్న వెయిట్_ఈవెంట్_ఇంటరప్టిబుల్‌ను వాడి, అది తిప్పి ఇచ్చే విలువను సరిచూసుకోవడమే మేలు. పాత నిద్ర ఫంక్షన్లైన స్లీప్_ఆన్ కుటుంబాన్ని 2014లో, 3.15 వెర్షన్‌లో, కెర్నెల్ నుంచి తీసేయడానికి మూలం ఈ జాతి దోషమే. గడువు దాటగానే థ్రెడ్‌ను లేపే షెడ్యూల్_టైమవుట్‌తో సరిపెట్టుకోకండి, అది దోషాన్ని ఆలస్యంగా మారుస్తుందే గానీ తీయదు.

కెర్నెల్ 5.8 నుంచి ఉన్న కేసీశాన్ అనే సాధనం డేటా రేసులను, అంటే ఒకే విలువను రెండు చోట్ల నుంచి అదుపు లేకుండా ఒకేసారి తాకడాన్ని, పట్టిస్తుంది గానీ, ఫ్లాగును రీడ్_వన్స్, రైట్_వన్స్‌లతో (కావాలనే చేస్తున్నట్టు గుర్తుపెట్టిన చదువు, రాత) వాడుతుంటే ఈ వరుస తప్పు దాని కంటికి ఆనకపోవచ్చు. అందుకే దిద్దిన తర్వాత కూడా ఎండిలేను, ఈసారి స్థితి మార్పుకూ ఫ్లాగు చూడడానికీ మధ్య, ఉంచి రాత్రంతా నడపండి; నేను పొద్దున రీడింగుల వరుసలో ఖాళీ లేదని చూసుకున్నాకే దాన్ని తీశాను.