కిన్ కిన్‌కు సర్పంచ్ ఎవరు?

ప్రశ్న: మా మరిది కొడుకు ఆస్ట్రేలియాలో, క్వీన్స్‌లాండ్‌లోని కిన్ కిన్ అనే చిన్న ఊళ్లో ఉంటున్నాడు. మొన్న వీడియో కాల్‌లో 'మీ సర్పంచ్ ఎవర్రా' అంటే 'ఇక్కడ సర్పంచూ లేడు, పంచాయతీ ఆఫీసూ లేదు పెద్దమ్మా' అని ఒకటే నవ్వు. నిజమేనా, నన్ను ఆటపట్టిస్తున్నాడా?
– ఒక పాఠకురాలు, నర్సంపేట

జవాబు: నిజమే చెప్పాడమ్మా. అక్కడ ఊరంటే అడ్రస్ రాసుకోవడానికి గీసిన హద్దు, అంతే. పాలన అంతా నూసా షైర్ కౌన్సిల్‌ది. షైర్ అంటే మన మండలం లాంటిదనుకోండి, కానీ పెత్తనం ఎక్కువ. మేయర్, ఆరుగురు కౌన్సిలర్లు, వాళ్లకూ వార్డులు లేవు, షైర్ మొత్తం కలిసి ఎన్నుకోవాల్సిందే. కాబట్టి కిన్ కిన్‌కు 'మా మెంబర్' అని చెప్పుకోవడానికి కూడా ఎవరూ లేరు. రోడ్డు మీద గుంత పడినా, పసుపు మూత చెత్తడబ్బా ఎత్తకపోయినా కౌన్సిల్‌కే ఫోన్ కొట్టాలి. బడి, పోలీసులు మాత్రం రాష్ట్ర ప్రభుత్వం కింద. కౌన్సిల్ వేసే పన్నును 'రేట్స్' అంటారు, అది ఇంటి మీద కాదు, కింద ఉన్న నేల విలువ మీద.

ఊరి కథకొస్తే, అది కబీ కబీ ఆదివాసుల నేల. తెల్లవాళ్లు ముందు కలప కోసం వచ్చి అడవి కొట్టారు, ఖాళీ అయిన చోట పాడి పశువులను పెట్టారు. నూసా షైర్ 1910లో ఏర్పడింది, ఆఫీసు మొదట పొమోనాలో ఉండేది, తర్వాత టెవాంటిన్‌కు మారింది.

అసలు గొడవ 2008లో. రాష్ట్ర ప్రభుత్వం నూసాను పక్కనున్న మరూచీ, కలౌండ్రాలతో కలిపి సన్‌షైన్ కోస్ట్ అని ఒకే పెద్ద కౌన్సిల్ చేసేసింది. మన వరంగల్ కార్పొరేషన్‌లో చుట్టూ 42 ఊళ్లను కలిపితే ఉపాధి హామీ పని పోతుందని, పన్నులు పెరుగుతాయని ఎంత టెన్షన్ పడ్డారో గుర్తుందిగా? అక్కడా అదే ఏడుపు. తేడా ఏంటంటే వాళ్లకు 2013 మార్చిలో ఓటేసే చాన్స్ దొరికింది, అదీ విడిపోవడానికయ్యే ఖర్చు మీరే పెట్టుకోవాలన్న షరతు మీద. అయినా 81 శాతం మంది విడిపోదామన్నారు. 2014 జనవరి 1న నూసా మళ్లీ నూసా అయింది. డబ్బు పోయినా సరే మా ఆఫీసు మాకు కావాలన్నారు చూడండి, నాకైతే ఆ పట్టుదల భలే నచ్చింది.

మీవాడికి అక్కడి పౌరసత్వం వచ్చిందా? వస్తే కౌన్సిల్ ఎన్నికల్లోనూ ఓటు తప్పనిసరి, ఎగ్గొడితే జరిమానా పడుతుంది. ఈసారి కాల్‌లో అది అడగండి, ఎలా నవ్వుతాడో చూద్దాం.