బైబిల్ కాలేజీ చదవకుండా వాక్యం చెప్పేవాళ్ళు దేనితో మొదలుపెట్టాలి?

వందనాలు బ్రదర్. మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: సంఘంలో నెలకు రెండు ఆదివారాలు వాక్యం చెప్పమన్నారు, బైబిల్ కాలేజీకి వెళ్ళలేదు, ఇంగ్లిష్ నిదానంగా చదివితే అర్థమవుతుంది, ఈ మధ్య వచ్చిన పరిశోధనలో, పుస్తకాల్లో, యాప్‌లలో దేన్ని పట్టుకోవాలి అని. నేనూ ఉద్యోగం చేసుకుంటూ ప్రకాశం జిల్లాలో ఒక బాప్టిస్టు సంఘంలో వాక్యం చెప్తుంటాను. నాకు నిజంగా పనికొచ్చినవే రాస్తాను.

కామెంటరీ (బైబిల్ వ్యాఖ్యానం) సెట్లు ఇప్పుడే కొనకండి. ముందు ఫోన్‌లో ఉచితంగా దొరికేవి సరిగ్గా వాడడం అలవాటు చేసుకోండి. మనం చిన్నప్పటినుంచి చదివే బైబిల్ సొసైటీ పాత అనువాదం పక్కన 2019లో వచ్చిన ఇండియన్ రివైజ్డ్ వెర్షన్ తెలుగు బైబిల్ పెట్టుకుని వాక్యభాగాన్ని రెండింట్లోనూ పైకి చదవండి. తేడా కనబడిన ప్రతి చోటా గుర్తు పెట్టుకోండి, ఎందుకంటే అక్కడే అనువాదకులు ఏదో తేల్చుకోవలసి వచ్చింది. ఎందుకలా తేల్చుకున్నారో తెలియాలంటే నెట్ బైబిల్ (NET Bible) అనే ఇంగ్లిష్ అనువాదం చూడండి. దానికి అరవై వేలకు పైగా అనువాదకుల నోట్సు ఉన్నాయి, ఆన్‌లైన్‌లో ఉచితం. హీబ్రూ, గ్రీకు చూడాలనిపిస్తే కేంబ్రిడ్జిలోని టిండేల్ హౌస్ అనే బైబిల్ పరిశోధన సంస్థ వాళ్ళ స్టెప్ బైబిల్ (STEP Bible) ఉంది. అక్షరాలు రాకపోయినా ఒక మాట మీద నొక్కితే అదే మాట ఇంకా ఎక్కడెక్కడ వచ్చిందో చూపిస్తుంది. ఒక పుస్తకం మొత్తం ఎలా నడుస్తుందో ఒక్కసారిగా చూడాలంటే బైబిల్ ప్రాజెక్ట్ వీడియోలు తెలుగులో ఉన్నాయి, ప్రసంగం మొదలుపెట్టకముందే ఆ పుస్తకం మీది వీడియో చూసేయండి.

ఇంతకన్నా నాకు ముఖ్యమనిపించేది ఇంకొకటి ఉంది. మన సభల్లో ఒకరి దగ్గర ఒకరు విని చెప్పుకుంటూ వస్తున్న కథలు. పక్షిరాజు నలభై ఏళ్ళు వచ్చాక కొండ మీదికి వెళ్ళి ముక్కు రాయికేసి కొట్టుకుని, ఈకలు పీక్కుని, మళ్ళీ కొత్త ముక్కు వచ్చాక ఇంకో ముప్పై ఏళ్ళు బతుకుతుందని, నీ యవ్వనం పక్షిరాజులా కొత్తదవుతుందనే కీర్తన 103:5 మీద ఎన్ని ఉజ్జీవ సభల్లో విన్నామో! ఏ పక్షిరాజూ అలా చేయదు, ముక్కు లేకుండా నెలల తరబడి ఉంటే ఆకలితో చచ్చిపోతుంది. అతిపరిశుద్ధ స్థలంలో చనిపోతే బయటికి లాగడానికి ప్రధాన యాజకుడి కాలికి తాడు కట్టేవారని ఇంకొకటి. లేవీయకాండం 16లో అది లేదు, మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసీఫస్ రాయలేదు, ప్రాయశ్చిత్త దినాన్ని పూసగుచ్చినట్టు వర్ణించిన పాత యూదు ధర్మశాస్త్ర సంకలనం మిష్నాలో కూడా లేదు. ఆ మాట ఎప్పుడో 13వ శతాబ్దపు యూదు గ్రంథం జోహార్‌లో కనిపిస్తుంది. ధనవంతుడు దేవుని రాజ్యంలో చేరడం కన్నా ఒంటె సూదిబెజ్జంలో దూరడం సులభమన్న యేసు ప్రభువు మాటకు, సూదిబెజ్జం అనే చిన్న గుమ్మం యెరూషలేములో ఉండేదని, ఒంటె బరువు దించి మోకాళ్ళ మీద దూరేదని చెప్పేదానికీ ఆధారం ఏమీ దొరకలేదు. ఈ మూడో కథ నన్ను ఎక్కువ బాధపెడుతుంది, ఎందుకంటే అది వాక్యాన్నే మెత్తబరుస్తుంది. శిష్యులు విని నిర్ఘాంతపోయి, అలాగైతే ఎవరు రక్షణ పొందగలరని అడిగారు, యేసు ప్రభువు అది మనుషులకు అసాధ్యమే అన్నాడు. వంగి కష్టపడితే దూరగలిగే గుమ్మమే అయితే ఆ ప్రశ్నా జవాబూ రెండూ ఎందుకు? అందుకే చరిత్ర అంటూ, సైన్స్ అంటూ ఎవరు ఏ కథ చెప్పినా, అది మొదట ఎవరు, ఏ కాలంలో రాశారో వెతికి దొరికితేనే వాడండి. సంఘం మన నోటి మాటను దేవుని మాటతో కలిపే వింటుంది.

కొత్తగా బయటపడ్డ వార్తల విషయంలోనూ ఇంతే. 2012లో, మార్కు సువార్త ముక్క ఒకటి మొదటి శతాబ్దానిదే దొరికిందని ఒక బహిరంగ చర్చలో ప్రకటించారు, అది చాలా వేదికల మీదికి ఎక్కింది. 2018లో అచ్చులో వచ్చేసరికి పండితులు దానికి వేసిన కాలం రెండో శతాబ్దం చివర లేదా మూడో శతాబ్దం మొదలు. అది కూడా మార్కు ప్రతుల్లో చాలా పాతదే, ఉన్నది ఉన్నట్టు చెప్పినా గొప్ప విషయమే. వాషింగ్టన్‌లోని బైబిల్ మ్యూజియం దగ్గరున్న మృతసముద్రపు చుట్టల (ఆ సముద్రం దగ్గరి గుహల్లో దొరికిన పాత బైబిల్ రాతప్రతుల) ముక్కలు పదహారూ నకిలీవేనని 2020 మార్చిలో ఆ మ్యూజియమే బయటపెట్టింది. మరోవైపు మృతసముద్రం ఒడ్డునున్న ఏన్గెదీలో 1970లో దొరికిన, కాలి బొగ్గైపోయిన ఒక చుట్టను ముట్టుకోకుండా స్కాన్ చేసి, కంప్యూటర్లోనే విప్పి చదివారు. 2016లో ఫలితాలు వచ్చాయి. లోపల ఉన్నది లేవీయకాండం మొదటి రెండు అధ్యాయాల పాఠం, మనకు తరతరాలుగా వచ్చిన హీబ్రూ పాఠంతో అక్షరాలా సరిపోయింది. యవ్వనస్థుల కూడికలో ఇది చెప్పండి, పిల్లలు కదలకుండా వింటారు.

ఇవన్నీ ప్రసంగంలోకి ఎలా దిగుతాయో రూతు 2వ అధ్యాయం మీద చెప్తాను. మా సంఘంలో పెద్దవయసు అక్కయ్యల్లో చాలామంది వరి కోతల తర్వాత పరిగె ఏరుకుని పిల్లల్ని పెంచినవాళ్ళు, ఆ అధ్యాయం వాళ్ళకి మనం వివరించక్కర్లేదు. కానీ మనం సాధారణంగా బోయజు మంచితనం, రూతు వినయం చెప్పి ముగించేస్తాం. నిదానంగా చదివితే కూలివాళ్ళ మీది పనివాడు ఆమెను మోయాబు పిల్ల అనే చెప్తాడు, ఆమె పేరు చెప్పడు. ద్వితీయోపదేశకాండం 23:3 ప్రకారం మోయాబీయులు యెహోవా సమాజంలో చేరకూడదు. బోయజు మొదటి రోజే, నిన్ను ముట్టకూడదని పనివాళ్ళకు ఆజ్ఞాపించానని ఆమెతో అంటాడు. సాయంత్రం నయోమి కూడా, వేరే చేలోకి వెళ్తే నీకు ప్రమాదమన్నట్టే మాట్లాడుతుంది. అంటే పొలంలో ఒంటరి ఆడమనిషికి, అందులోనూ పరదేశికి, ఏం జరగవచ్చో ఆ అధ్యాయంలో అందరికీ తెలుసు. సాయంత్రానికి దుళ్ళగొడితే ఏఫా యవలయ్యాయి, సుమారు 22 లీటర్లు. ఒక్క రోజు పరిగెకు అది మామూలుగా వచ్చే గింజ కాదు. బోయజు పనలలోంచి కొన్ని పరకలు కావాలనే పడేయమన్నాడన్న 16వ వచనం ఉత్త మాటగా ఉండిపోలేదని ఆ కొలతే చెప్తుంది. ధర్మశాస్త్రం చేను అంచు వదలమంది, ఏరుకోనివ్వమంది, అంతవరకే. బోయజు దాన్ని దాటి వెళ్ళాడు. ఇది చెప్పినప్పుడు మిరప కోతకి వెళ్ళే ఒక చెల్లెమ్మ కూడిక అయ్యాక ఆగి, మేస్త్రీల గురించి, ఆటోల్లో ప్రయాణం గురించి చాలాసేపు మాట్లాడింది. అలాంటి మాటలు మన పెద్దల సమావేశంలో ఎప్పుడూ రాలేదు. ఈ పుస్తకం మీద కొత్తగా చదవాలంటే పీటర్ లావ్ రాసిన రూతు వ్యాఖ్యానం 2023లో వచ్చింది, పెద్దదే గానీ ఇంగ్లిష్ మరీ కష్టం కాదు.

పౌలు పత్రికలకు వస్తే, ఈ మధ్యకాలపు పరిశోధనలో మన ఊళ్ళకు సూటిగా తగిలేది కొత్త నిబంధన పండితుడు జాన్ బార్క్లే పని అని నా నమ్మకం. కృప మీద ఆయన పెద్ద పుస్తకం 2015లో వచ్చింది, 2020లో అదే విషయం మీద ‘పాల్ అండ్ ద పవర్ ఆఫ్ గ్రేస్’ అని చిన్నది రాశాడు, మీరు చిన్నదే చదవండి. ఆ కాలంలో కానుక అంటే తగినవాడికి, యోగ్యుడికి ఇవ్వాలనేది లోకరీతి. దేవుడు క్రీస్తులో ఇచ్చింది మాత్రం ఎదుటివాడి పుట్టుక, హోదా, నీతి ఏదీ చూడకుండా ఇచ్చాడు, అందుకే గలతీయ సంఘంలో పాత తూకాలేవీ చెల్లవని పౌలు అంత గట్టిగా పోరాడాడు అంటాడు బార్క్లే. తీసుకున్నవాడి జీవితం మాత్రం మారాలని ఆ కృప ఎదురుచూస్తుందనీ అంటాడు. పెళ్ళి సంబంధం దగ్గరికి వచ్చేసరికి కులం అడిగే విశ్వాసులున్న మన సంఘాల్లో, పేతురు అంతియొకయలో యూదులు కాని విశ్వాసులతో తినడం మానేసి బల్ల దగ్గర నుంచి లేచిపోయిన గలతీ 2వ అధ్యాయాన్ని ఈ వెలుగులో చెప్పి చూడండి. కొందరికి నచ్చదు. నచ్చకపోయినా చెప్పండి.

డబ్బు పెట్టి ఒక్కటే కొనగలిగితే 2015లో వచ్చిన సౌత్ ఏషియా బైబిల్ కామెంటరీ కొనండి. బైబిల్ మొత్తానికి ఒకే సంపుటం, రాసినవాళ్ళు మన ఉపఖండంవాళ్ళే, బ్రయాన్ వింటిల్ ప్రధాన సంపాదకుడు. విగ్రహాలు, పూర్వీకులు, కులం, పేదరికం లాంటి విషయాలు అమెరికా కామెంటరీల్లో పేజీలు తిప్పినా దొరకవు, ఇందులో ఉంటాయి. ఖరీదైన వాటి కోసం హైదరాబాద్ వెళ్ళినప్పుడు ఆంధ్ర క్రిస్టియన్ థియొలాజికల్ కాలేజీ లైబ్రరీలో కూర్చుని చదువుకోవడానికి అనుమతి అడిగి చూడండి, ముందే ఫోన్ చేసి వెళ్తే టెన్షన్ ఉండదు.

ఇంకొకటి, ఇప్పుడు చాలామంది ఏఐని అడిగి ప్రసంగం రాయించుకుంటున్నారు. ఇంగ్లిష్ పేరాను తెలుగులో అర్థం చేసుకోవడానికి వాడండి, అందులో తప్పేం లేదు. కానీ అది లేని పుస్తకాల పేర్లు, లేని పండితుల మాటలు కూడా నమ్మకంగా చెప్పేస్తుంది, కాబట్టి అది ఇచ్చిన ప్రతి వచనాన్నీ బైబిల్ తెరిచి చూసుకోండి, పుస్తకం పేరు చెప్తే అసలు ఉందో లేదో వెతకండి. మీకు మొదటి ఆదివారానికి ఏ భాగం ఇచ్చారో ఇక్కడ రాయండి, ఆ పుస్తకం మీద నేను వాడిన కామెంటరీ ఉంటే పేరు చెప్తాను.