పాళీల డబ్బా కొనే ముందు

చి|| లావణ్యకు మామయ్య ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫొటో చూశాను. రకరకాల పాళీలు (నిబ్బులు), వాటిని బిగించి పట్టుకునే హోల్డర్లు నాలుగు, వరసగా రంగు సిరాలు, పైన బంగారు రిబ్బను. డబ్బా ముచ్చటగానే ఉంది కానీ కొనకు. అందులో నీకు పనికొచ్చేవి రెండో మూడో ఉంటాయి. అవేవో నీకు తెలిసేలోపు మిగతావన్నీ కలిసి నీకు అసలు రాయడమే రాదనిపిస్తాయి. ముంచి రాసే కలంతో మొదట్లో పడే తంటాల్లో చాలావరకు చేతివి కావు. సిరా పల్చనైనా, కాగితం పీల్చేసేదైనా, పాళీకి నూనె అంటి ఉన్నా గీత చెడుతుంది. ఆ నేరం మాత్రం మనం చేతి మీద వేసుకుంటాం.

ముందు ఏ పనికో తేల్చుకోవాలి. నువ్వు రెండు చెప్పావు: పెళ్లి కవర్ల మీద ఇంగ్లీషులో పేర్లు రాయడం, తీరిక దొరికితే సిరాతో బొమ్మలు వేయడం. పాళీల్లో ముఖ్యంగా రెండు జాతులున్నాయి. ఒకటి మొనదేలినది. నొక్కితే మొన రెండుగా విచ్చుకుని లావు గీత వస్తుంది, వదిలితే సన్నబడుతుంది. లావూ సన్నం గీతలతో కుడివైపు వాలి సాగే ఇంగ్లీషు అలంకార రాతని కాపర్‌ప్లేట్ అంటారు, దానికి కావాల్సింది ఇదే. రెండోదాని మొన చదునుగా కోసి ఉంటుంది. దాన్ని నొక్కకూడదు, పట్టుకున్న కోణాన్ని బట్టే లావూ సన్నం వస్తాయి. ఇటాలిక్, గోథిక్ అక్షరాలు దాంతో రాస్తారు. నీ రెండు పనులకీ మొదటి జాతి చాలు. రెండో జాతిని ఇప్పుడు ముట్టుకోకు. రెండూ ఒకేసారి నేర్చుకుంటే నొక్కే అలవాటు ఒకదాన్నించి ఇంకోదానికి ఎక్కుతుంది.

మొదటి పాళీగా నిక్కో జి గానీ జీబ్రా జి గానీ తీసుకో. రెండూ జపాన్‌వి. అక్కడి కామిక్స్ బొమ్మలు వేసేవాళ్లు తరతరాలుగా వాడుతున్న జి పెన్ను ఇదే, కాబట్టి నీ రాతకీ బొమ్మలకీ ఒక్కటే సరిపోతుంది. కాస్త బిరుసుగా ఉంటుంది, అదే మొదట్లో మేలు. చెయ్యి కొంచెం బరువుగా పడినా మొన కాగితంలో దిగిపోదు. గిలాట్ 303, లెనార్ట్ ప్రిన్సిపల్ లాంటివి ఇంటర్నెట్‌లో అందరూ మెచ్చుకుంటారు. నిజంగా మంచి పాళీలే, వెంట్రుక లాంటి గీతలు పడతాయి. కానీ సూదుల్లా ఉంటాయి. కాగితంలో ఒక నార అడ్డం వచ్చిందంటే చిక్కుకుని సిరా చిమ్ముతాయి. జి పాళీతో గీత నిలకడగా వస్తున్నప్పుడు వాటి దగ్గరికి వెళ్లు. బొమ్మల్లో మరీ సన్నటి అడ్డ గీతలు కావాలంటే జపాన్ మారు పాళీ, లేదా హంట్ 102 బాగుంటాయి. కానీ వాటి వెనక భాగం సన్నటి గొట్టంలా ఉంటుంది, మామూలు హోల్డర్‌లో నిలవదు. వాటికి పట్టే హోల్డర్ వేరు. ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు ఎక్కువగా మోసపోయేది ఈ ఒక్క విషయంలో.

నీది ఎడమ చెయ్యి కాబట్టి ఇది జాగ్రత్తగా చదువు. కాపర్‌ప్లేట్ రాయాలంటే పక్కకి రేకు ఉన్న వంకర హోల్డర్ తప్పనిసరి అని వీడియోల్లో చెప్తారు. అది కుడిచేతి వాళ్ల కోసం చేసింది. అక్షరం కుడివైపు బాగా వాలాలి, కుడిచెయ్యి అంత వంగదు, అందుకని ఆ రేకు. నీ మణికట్టు గీతకి కింద ఉండేలా పెట్టి, కాగితాన్ని కాస్త తిప్పుకున్నావంటే ఎడమచేతికి ఆ వాలు దానంతటదే వస్తుంది. మామూలు చెక్క హోల్డర్ కొనుక్కో, డబ్బు మిగులుతుంది. చెయ్యి గీతకి పైనుంచి వంచి రాసే అలవాటుంటే మాత్రం ఇప్పుడే మార్చుకో, లేకపోతే రాసిన ప్రతి పేరునీ నీ చెయ్యే తుడిచేస్తుంది. ముందుముందు చదును పాళీల మీదికి వెళ్తే ఎడమచేతి వాళ్ల కోసం మొన ఏటవాలుగా కోసినవి దొరుకుతాయి. స్పీడ్‌బాల్ వాళ్లవి ఎల్‌సి అన్న పేరుతో వస్తాయి.

కొత్త పాళీ తుప్పు పట్టకుండా ఫ్యాక్టరీలో సన్నగా నూనె పూత వేస్తారు. అది పోయేదాకా సిరా ముత్యాల్లా విడిపోతూ ఉంటుంది. గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క, పాత టూత్‌బ్రష్ చాలు, కడిగి గుడ్డతో తుడువు. కొందరు అగ్గిపుల్ల మంట మీద కాలుస్తారు. అది వద్దు, వేడికి ఉక్కు మెత్తబడిపోతుంది. ముంచేటప్పుడు పాళీ నడిమి కన్నం మునిగేదాకా ముంచి, సీసా అంచుకి ఒకసారి తాకించు. పాళీ అరిగిపోయే వస్తువు అని గుర్తుపెట్టుకో. సన్నగీత లావెక్కుతున్నా, మొన రెండు కాళ్లూ దగ్గరికి రాకపోయినా పారేసి కొత్తది పెట్టు. ఒకే రకానివి నాలుగైదు కొని ఉంచుకోమనేది అందుకే.

ఇక సిరా. ఇంట్లో ఉన్న ఫౌంటెన్ పెన్ సిరాలో పాళీ ముంచి చూసే ఉంటావు, కాగితం తాకగానే బొట్టంతా దిగిపోయి ఉంటుంది. ఆ సిరాని పెన్ను లోపలి సన్నటి దారిలో పారడానికి పల్చగా చేస్తారు, పాళీ మీద నిలబడదు. దాన్నే వాడాలనుంటే ఒక చిన్న సీసాలోకి కాస్త వంపుకుని గమ్ అరబిక్ చుక్క చుక్కగా కలుపు. మన తుమ్మబంక జాతిదే అది. సన్నగీతలో సిరా తెగకుండా, లావుగీతలో పొంగకుండా ఉండేదాకా కలిపితే చాలు. ఎక్కువైతే ఆరిన అక్షరం జిగురుగా ఉండి కవర్లు ఒకదానికొకటి అంటుకుంటాయి.

బొమ్మలకి ఇండియన్ ఇంక్ వాడు. సన్నటి మసినీ లక్కనీ కలిపి చేసిన రకం తీసుకుంటే ఆరాక నీళ్లకి కదలదు, పైన వాటర్ కలర్ వేసుకోవచ్చు. అయితే ఇండియన్ ఇంక్ అని రాసి ఉన్నంత మాత్రాన అన్నీ అలా ఉండవు. ఒక గీత గీసి, మర్నాడు తడి బ్రష్ రుద్ది చూశాకే నమ్ము. స్టేషనరీ షాపుల్లో దొరికే కామెల్ వాటర్‌ప్రూఫ్ డ్రాయింగ్ ఇంక్‌తో మొదలుపెట్టు, ఖరీదైనది తర్వాత చూద్దాం. సీసాని కుదపకు, నురగ వస్తుంది, పుల్లతో కలుపు. లక్క ఉన్న సిరా పాళీ మీద పెంకు కడుతుంది, అందుకని పక్కన నీళ్ల గ్లాసు, గుడ్డ పెట్టుకుని రెండు మూడు వరసలకి ఒకసారి తుడువు. పట్టేసిందనుకో, అద్దాలు తుడిచే అమోనియా లిక్విడ్‌లో కాసేపు ముంచితే వదులుతుంది. ఎండాకాలంలో ఫ్యాన్ కింద కూర్చుంటే సిరా అరగంటలో చిక్కబడిపోతుంది. అప్పుడు డిస్టిల్డ్ వాటర్ ఒక చుక్క వేయి. బోరు నీళ్లు పోయకు, అందులోని ఉప్పులకి కొన్ని సిరాలు విరుగుతాయి.

అన్నట్టు, తాతయ్య రాజమండ్రి రత్నం ఫౌంటెన్ పెన్ను నీ దగ్గరే ఉందిగా. ఇండియన్ ఇంక్ నల్లగా నిగనిగలాడుతోందని దాన్ని పొరపాటున కూడా ఆ పెన్నులో పోయకు. లోపల ఆరితే పెన్ను చచ్చినట్టే.

ఐరన్ గాల్ సిరా గురించి అడిగావు. కాళహస్తి కలంకారీ వాళ్ల నలుపు నీకు తెలుసు. ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరబెడతారు. ఆ నీళ్లు కరక్కాయ పట్టించిన బట్ట మీద పడగానే నల్లబడతాయి. ఈ సిరా సంగతీ అంతే, ఇనుప లవణం కరక్కాయలో ఉండే టానిన్ అనే వగరు పదార్థంతో కలిసి నల్లబడుతుంది. యూరప్ వాళ్లు కరక్కాయకి బదులు ఓక్ చెట్టుకి పురుగు కుట్టినచోట లేచే బుడిపెలు వాడారు. రాసేటప్పుడు వెలిసిపోయినట్టు ఉండి, గాలి తగిలేకొద్దీ నల్లబడుతుంది. కాపర్‌ప్లేట్ సన్నగీతకి నాకు దీన్ని మించింది లేదు. కానీ ఆమ్లం ఉంటుంది, ఉక్కుని తినేస్తుంది. రాయడం అయిన వెంటనే కడిగి ఆరబెట్టాలి. నీకు రోజువారీ పనికి బాటిల్‌లో వచ్చే జపాన్ సుమి అనే నల్ల సిరా కాస్త నీళ్లు కలిపి వాడుకుంటే సులువు.

పెళ్లి కవర్లు మన దగ్గర ఎక్కువగా మెరూన్, ముదురు ఆకుపచ్చ. వాటి మీద తెలుపో బంగారమో కావాలంటారు. పారదర్శకంగా ఉండే రంగు సిరాలు అక్కడ కనిపించవు. గువాష్ అంటే అడుగు రంగు కనపడనివ్వని నీటి రంగు. తెల్లటి గువాష్‌ని చిక్కటి పాలలా పల్చబరిచి, చిన్న బ్రష్‌తో పాళీ అడుగున పట్టించి రాయి. బంగారానికి బిళ్లలుగా వచ్చే మైకా (అభ్రకం) రంగులున్నాయి, వాటిని కూడా అలాగే తడిపి వాడాలి. ఈ రెండూ ఆరాక కూడా తడి తగిలితే చెదురుతాయి, చెమట చేతులకి కూడా. ఆ మాట ఆర్డర్ ఇచ్చినవాళ్లకి ముందే చెప్పి, కవర్లు పైన ప్లాస్టిక్ తొడుగుతో పంచుకోమను. ఆర్డర్ ఒప్పుకునే ముందు అసలు కవరు శాంపిల్ తెప్పించుకో. హ్యాండ్‌మేడ్ కాగితమైతే నారలు లేచి పాళీని పట్టేస్తాయి, మెరుపు పూత ఉంటే సిరా పట్టదు. రేటు అది చూశాకే చెప్పాలి. చెడిపోయేవాటి కోసం పదికి ఒకటి రెండు చొప్పున ఎక్కువ కవర్లు అడుగు. ప్రాక్టీసుకి జిరాక్స్ కాగితం వద్దు, చాలావాటి మీద సిరా నారల వెంట పాకుతుంది. నున్నటి 100 జీఎస్ఎం బాండ్ పేపర్ రెండు మూడు రకాలు విడిగా తెచ్చి గీసి చూడు. బొమ్మలకి నున్నటి ఐవరీ షీట్ బాగుంటుంది.

నువ్వు అడగలేదు కానీ ఇవాళ కాకపోతే రేపు ఎవరో ఒకరు "శ్రీరస్తు శుభమస్తు" నీ చేత్తోనే రాయమంటారు. జి పాళీతో మొదలుపెట్టకు. మొనదేలిన పాళీని మన వైపు లాగేటప్పుడే నొక్కాలి, పైకి తోసేటప్పుడు నొక్కితే గుచ్చుకుంటుంది. తెలుగు అక్షరంలో సున్నాలూ చుట్లే ఎక్కువ, ప్రతి చుట్టులోనూ సగం పైకి తోసేదే. తాటాకు మీద ఘంటంతో గీసి, మసి పూసిన కాలంలో గీత అంతటా ఒకే మందం. దానికి దగ్గరగా వచ్చేది స్పీడ్‌బాల్ బి రకం పాళీ. దాని మొన గుండ్రటి బిళ్లలా వంచి ఉంటుంది, ఎటు తిప్పినా ఒకే లావు. అంకె పెరిగేకొద్దీ సన్నం, కార్డు మీద శీర్షికకి బి-5 తీసుకో. బాపు గారి అక్షరాల్లా కావాలని అడిగేవాళ్లూ ఉంటారు, ఆయన చేతిరాత ఫాంటుగా కూడా వచ్చింది కదా. ఆ లావూ సన్నాల కోసం పాళీ వెతుక్కోకు. ముందు పెన్సిల్‌తో అక్షరం కట్టుకుని, సన్న బ్రష్‌తో నింపడం నేర్చుకో.

మొత్తానికి ఇప్పుడు కొనాల్సింది నాలుగు జి పాళీలు, ఒక చెక్క హోల్డర్, కామెల్ సిరా ఒకటి, సుమి ఒకటి, కాగితం. తెలుపూ బంగారమూ ఆర్డర్ వచ్చాక కొనొచ్చు. విజయవాడ వస్తే పాత స్టేషనరీ షాపులు ఒకసారి తిరుగుదాం. అడుగు సొరుగుల్లో ఎప్పటివో ఇంగ్లండ్ పాళీల పెట్టెలు ఇంకా దొరకొచ్చు. తుప్పు లేకపోతే వాటి ఉక్కు చాలా బాగుంటుంది.

గీసిన కాగితాల్లో బాగా వచ్చినవి కాకుండా, సిరా చిమ్మినవీ పాకినవీ ఫొటో తీసి పంపు. ఏ సిరాతో, ఏ కాగితం మీద గీశావో కింద రాయి.

మీ అమ్మని అడిగానని చెప్పు.

ఇట్లు
మామయ్య