స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు ఎల్‌ఈడీని చూడు

నెల్లూరు

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

చీమకుర్తి కారు మూడోసారి షాపుకు తిరిగి వచ్చిందని, రాత్రిళ్లు ఊరికే సైరన్ మోగుతోందని, ఇక నువ్వు బిగించిన ఆ అలారం యూనిట్ పీకేసి కొత్తది పెడతానని నిన్న ఫోనులో అన్నావు. నేను చెప్పబోయినదేమో సగం కర్నూలు రోడ్డు హారన్లలో కలిసిపోయింది. అందుకే ఈ ఉత్తరం. యూనిట్ మార్చవద్దు. కొత్తది పెట్టినా నాలుగో రోజున అదే కారు నీ గుమ్మం ముందు ఉంటుంది.

అలారం దొంగను పట్టుకోదు, అరుస్తుంది, అంతే. ఆ అరుపుకు ఎవరైనా కిటికీ తెరిచి చూస్తేనే దానికి విలువ. ఊరికే మోగే సైరన్‌ను మొదటి రాత్రి వీధి వీధంతా లేచి చూస్తుంది. మూడో రాత్రికి ‘ఆ కారే’ అనుకుని అటు తిరిగి పడుకుంటుంది. నువ్వు డబ్బు తీసుకుని బిగించిన వస్తువు ఆ రాత్రితో పనికిరానిదైనట్టే.

నువ్వు చేసిన మొదటి తప్పు, కారు రాగానే స్క్రూడ్రైవర్ తీయడం. చాలా యూనిట్లలో అలారం మోగాక రిమోట్‌తో ఆపితే, డాష్‌బోర్డు మీది చిన్న ఎల్‌ఈడీ కొన్నిసార్లు వెలిగి ఆగి, మళ్లీ అన్నేసార్లు వెలుగుతుంది. ఆ లెక్కే జవాబు. తలుపా, బానెట్టా, అదురును పట్టే షాక్ సెన్సరా అన్నది ఆ అంకె చెబుతుంది. ఏ అంకె దేనికో పెట్టెలోని కాగితంలో ఉంటుంది, మనవాళ్లు అట్టపెట్టెతో పాటు చెత్తలో వేసే కాగితమది. ఇగ్నిషన్ తిప్పితే కొన్నింటిలో ఆ లెక్క చెరిగిపోతుంది. కాబట్టి మోగిన వెంటనే లెక్కపెట్టమని, తెల్లారాక కారు తీసే ముందు కాదని ఆ చీమకుర్తి ఆయనకు చెప్పు.

లెక్క తలుపు వైపు చూపిస్తే పని సులువు. తలుపు తెరిస్తే దాని చట్రంలోని చిన్న పిన్ స్విచ్ బయటికి వచ్చి ఎర్త్ తగులుతుంది, లోపలి లైటు వెలుగుతుంది. మన యూనిట్ తీగ కూడా ఆ వైరు మీదే కూర్చుని ఉంటుంది. కొత్తపట్నం, మైపాడు వైపు కార్లలో ఉప్పు గాలికి ఈ స్విచ్‌లు లోపల పచ్చగా చిలుముపట్టి, తలుపు మూసి ఉన్నా వానాకాలంలో ఎర్త్ చూపిస్తాయి. టెస్ట్ ల్యాంపు పెట్టి ఒక్కో తలుపునూ చేత్తో కొంచెం కదిలించి చూడు. ఇంకొకటి, తలుపు వేశాక లోపలి లైటు మెల్లగా ఆరే కార్లు ఉన్నాయి. లైటు ఆరకముందే అలారం కాపలాకు దిగితే తలుపు తెరిచే ఉందనుకుంటుంది. యూనిట్‌లో దానికి ఆలస్యం పెట్టుకునే వీలుంటే పెట్టు. కొత్త కార్లలో స్విచ్ తాళం లోపలే ఉంటుంది, సంగతి నేరుగా కారు కంప్యూటర్‌కు పోతుంది. అక్కడ ఏ వైరు ఏదో తెలియకుండా కోయకు. వైరును కొరికి పట్టుకునే ప్లాస్టిక్ క్లిప్పుల జోలికి అసలు పోవద్దు. సాల్డరింగ్ చేసి, టేపు చుట్టు. ఆ క్లిప్పుల వల్ల ఎన్ని కార్లు నా దగ్గరికి వచ్చాయో చెబితే నా సంపాదనలో ఎంత వాటి పుణ్యమో తెలిసిపోతుంది.

నాకు తెలిసి చీమకుర్తి కారు జబ్బు తలుపుది కాదు, షాక్ సెన్సర్‌ది. ఆ రోడ్డు మీద రాత్రంతా గ్రానైట్ రాళ్ల లారీలు నడుస్తాయి. ఇంటి గోడలే అదురుతుంటే సెన్సర్ ఊరుకుంటుందా? దాని లోపల ఉండేది వణుకును కరెంటుగా మార్చే చిన్న బిళ్ల. మంచి సెన్సర్‌కు రెండు మెట్లు ఉంటాయి. చిన్న తాకిడికి రెండు మూడు కూతలు కూసి ఊరుకుంటుంది. పెద్ద దెబ్బకైతే పూర్తి సైరన్, ఇండికేటర్లు. నువ్వు దాన్ని ఎక్కడ బిగించావు? స్టీరింగ్ కింద వైర్ల కట్టకు డబుల్ టేపుతో అంటించి ఉంటావు. మన ఎండలకు ఆ జిగురు మే నెలలో పాకంలా కరుగుతుంది, సెన్సర్ వేలాడుతుంది, కారు కదలకపోయినా అది ఊగుతుంది. డాష్‌బోర్డు లోపలి ఇనుప చట్రానికి స్క్రూతో బిగించు.

ఇక సెన్సర్ ఎంత తాకిడికి మోగాలో పెంచే, తగ్గించే మీట తిప్పడం. మనవాళ్లు కస్టమర్ ఎదుట గొప్పగా ఉంటుందని సగానికి పైగా తిప్పి, అద్దం మీద వేలితో కొట్టి మోగించి చూపిస్తారు. నువ్వు దాన్ని పూర్తిగా తగ్గించి మొదలుపెట్టు. అలారం వేసి, తలుపులు మూసి, ఒక నిమిషం ఆగు. వెంటనే కొడితే యూనిట్ ఇంకా కుదురుకోదు, నువ్వు సెన్సర్ పనిచేయలేదనుకుని ఇంకా పెంచుతావు. పిడికిలి మెత్తటి వైపుతో తలుపు పక్క స్తంభం మీద కొట్టు. కూయకపోతే వెంట్రుకవాసి పెంచు, మళ్లీ నిమిషం ఆగు. అద్దం పగిలేంత దెబ్బకు మోగాలి, పిల్లి దూకితే కూత దగ్గర ఆగాలి. ఇదంతా షాపులో సరిపోయినా కారు నిలిచే చోట సరిపోకపోవచ్చు. మా ఇల్లు రైలు పట్టాల దగ్గర కదా, నా కారుకు నేనే రెండు రాత్రులు గూడ్సు బండ్లు పోయేటప్పుడు లేచి మీట తగ్గించుకున్నాను.

లోపలి కదలికను పట్టే అల్ట్రాసోనిక్ సెన్సర్ల సంగతి కూడా తెలుసుకో, ఖరీదైన కార్లకు అడుగుతారు. అది మనకు వినపడని శబ్దాన్ని, సెకనుకు సుమారు 40,000 కంపనాలతో, లోపలికి వదిలి తిరిగొచ్చే ప్రతిధ్వనిని వింటూ ఉంటుంది. లోపల ఏది కదిలినా ప్రతిధ్వని మారుతుంది. ఎండకు కారు ఉడికిపోతుందని అద్దం రెండు వేళ్ల సందు వదిలేవాళ్లే మన జిల్లాల్లో ఎక్కువ. ఆ సందులోంచి గాలి కొడితే చాలు, మోగుతుంది. అద్దం పూర్తిగా ఎక్కించమని, మిర్రర్‌కు బొమ్మలు వేలాడదీయవద్దని ముందే చెప్పు. ఒకసారి ఇక్కడ కల్యాణ మండపం బయట కారులో డ్రైవరు నిద్రపోతుంటే, యజమాని చూసుకోకుండా రిమోట్ నొక్కి లోపలికి వెళ్లాడు. డ్రైవరు పక్కకు ఒత్తిగిల్లాడు. ఆ సైరన్‌కు నాదస్వరం ఆగింది. బిగించింది నేనే.

లారీకి కట్టి లాక్కెళ్లేవాళ్లకు, జాకీ వేసి చక్రాలు ఊడదీసేవాళ్లకు టిల్ట్ సెన్సర్ ఉంటుంది. అలారం వేసినప్పటి వాలును గుర్తుపెట్టుకుని, అది మారితే అరుస్తుంది. కాబట్టి పెంచలకోనలో ఏటవాలున నిలిపినా భయం లేదు.

సైరన్ బిగించేటప్పుడు నోరు కిందికి ఉండాలి, లేకపోతే వాన నీళ్లు నిలుస్తాయి. సైలెన్సర్ గొట్టం వేడి తగలకూడదు, కింద నుంచి చెయ్యి పెడితే దాని వైరు అందకూడదు. బానెట్ స్విచ్ లేకుండా అలారం బిగించవద్దు. బ్యాటరీ వైరు లాగేస్తే మామూలు సైరన్ మూగబోతుంది. లోపల సొంత బ్యాటరీ ఉన్న సైరన్ అయితే వైరు కోసినప్పుడే ఇంకా గట్టిగా అరుస్తుంది. ధర ఎక్కువే, అయినా కారు వీధిలో నిలిపేవాళ్లకు అదే చెప్పు.

కట్ ఆఫ్ రిలే, అంటే కారు నడవకుండా వైరును తెంపే స్విచ్, దాని విషయంలో మాత్రం నా మాట దాటవద్దు. అది సెల్ఫ్ వైరు మీదే ఉండాలి. పెట్రోలు పంపు మీద పెట్టమని కొందరు అడుగుతారు, దొంగ పారిపోతుంటే మధ్యలో ఆపవచ్చని. రిలే చెడితే నేషనల్ హైవే మీద నూరు వేగంలో ఆగేది కస్టమర్ కుటుంబం. ఎంత డబ్బు ఇస్తానన్నా చేయకు.

చాలామంది ఇమ్మొబిలైజర్‌నూ అలారంనూ ఒకటే అనుకుంటారు. ఇమ్మొబిలైజర్ అరవదు. తాళంచెవిలో ఒక చిప్పు ఉంటుంది, దాన్ని స్టీరింగ్ దగ్గరి తీగచుట్ట చదివి, సరైనది కాకపోతే ఇంజిన్‌ను నడవనివ్వదు. ఐరోపాలో 1998 నుంచి కొత్త కార్లకు అది తప్పనిసరి. దొంగకు నిజంగా అడ్డుపడేది అదే. దూరం నుంచే రిమోట్‌తో స్టార్ట్ కావాలని, ఆ చిప్పు కోసం రెండో తాళంచెవిని డాష్‌బోర్డు లోపల కట్టి పెట్టేవాళ్లున్నారు. ఇంటి తాళాన్ని గుమ్మానికి తగిలించి ఊరికి పోవడం లాంటిదది. పైగా కారు పోతే బీమావాళ్లు సాధారణంగా రెండు తాళంచెవులూ అడుగుతారు.

బటన్ నొక్కి స్టార్ట్ చేసే కార్లకు ఇంకో చిక్కు. ఇద్దరు దొంగలు చెరో రేడియో పెట్టె పట్టుకుని, ఒకడు ఇంటి తలుపు దగ్గర, ఒకడు కారు దగ్గర నిలబడితే లోపలున్న తాళంచెవి కారు పక్కనే ఉన్నట్టు కారుకు వినిపిస్తుంది. యజమాని వచ్చాడనుకుని తెరుచుకుంటుంది, నీ అలారం నోరు విప్పదు. మూత గట్టిగా పడే స్టీలు డబ్బాలో తాళంచెవి ఉంచమను. ఆ డబ్బాతో కారు దగ్గరికి పోయి, తలుపు తెరుచుకుంటే డబ్బా మార్చమను.

కారు నిలిపి నెలకు హైదరాబాద్ పోయేవాళ్లకు బ్యాటరీ సంగతి చెప్పడం మరువకు. అలారం 20 మిల్లీఆంపియర్లు తాగితే రోజుకు దాదాపు అర ఆంపియర్ అవర్, నెలకు పద్నాలుగు పైన. 35 ఆంపియర్ అవర్ బ్యాటరీ పాతదైతే ఇంకేం మిగులుతుంది? బిగించాక మల్టీమీటర్ పెట్టి ఆ లెక్క రాసి కస్టమర్‌కు ఇవ్వు.

చీమకుర్తి కారును షాపులో ఉంచుకోకు. సెన్సర్ చట్రానికి బిగించి, మీట తగ్గించి, శనివారం చీకటి పడ్డాక ఆ ఇంటి దగ్గరే నిలుపు. నేను సాయంత్రం బస్సుకు వస్తున్నాను. పది లారీలు పోయేదాకా ఇద్దరం అరుగు మీద కూర్చుని విందాం. మీ అమ్మతో నాకు అన్నం వద్దని చెప్పు, మజ్జిగ చాలు.

మీ మామయ్య