అట్టల లెక్క చెప్పండి, తర్వాత పథ్యం సంగతి చూద్దాం

ప్రశ్న: నా వయసు 47. మాది కవిటి మండలం. కొబ్బరి దింపు పని చేస్తాను. మా ఊళ్లో చేసిన కిడ్నీ పరీక్షల్లో క్రియాటినిన్ (రక్తంలోంచి కిడ్నీలు బయటకు పంపాల్సిన వ్యర్థం) 1.7 వచ్చింది. బీపీకి రోజూ ఒక మాత్ర వేసుకుంటున్నాను. మందు అలవాటు లేదు, సాయంత్రం కల్లు మాత్రం తాగుతాను. నడుము నొప్పికి ఎప్పుడైనా ఒక నొప్పి మాత్ర వేసుకుంటాను. ప్రతి సంతకీ రెండు అట్టలు తెచ్చి ఇంట్లో ఉంచుతాం. నా భార్యకు కూడా మోకాళ్ల నొప్పులున్నాయి. క్యాంపులో అడిగితే నొప్పి మాత్రలు వాడనని చెప్పాను, పక్కన మా ఊరివాళ్లు ఉన్నారు. రోజూ కొబ్బరి నీళ్లు తాగితే క్రియాటినిన్ తగ్గుతుందా? పథ్యం ఏం చేయాలి?

జవాబు: కొబ్బరి నీళ్ల సంగతి ముందు తేల్చేస్తాను. పొటాషియం పరీక్ష రిపోర్టు చేతికొచ్చే వరకు తాగకండి. పెద్ద గ్లాసు కొబ్బరి నీళ్లలో 400 నుంచి 600 మిల్లీగ్రాముల దాకా పొటాషియం ఉంటుంది. కిడ్నీలు బాగున్నవాళ్లకు అది మూత్రంలో పోతుంది. మీ కిడ్నీలు దాన్ని ఏ మేరకు బయటకు పంపగలవో ఇంకా తెలియదు. రక్తంలో పొటాషియం బాగా పెరిగితే గుండె లయ తప్పుతుంది. చాలామందికి ముందుగా ఏమీ తెలియదు కూడా. చుట్టూ కొబ్బరి తోటలే ఉన్న ఊళ్లో ఈ మాట చెప్పడం కష్టంగానే ఉంది, అయినా చెప్పాలి.

మీ ఉత్తరంలో నాకు కంగారు పుట్టించింది క్రియాటినిన్ కాదు. 'ఎప్పుడైనా ఒక మాత్ర' అన్నారు. ఆ వెంటనే 'ప్రతి సంతకీ రెండు అట్టలు' అన్నారు. అట్టకు పది చొప్పున వారానికి ఇరవై, అంటే రోజుకు దాదాపు మూడు. మీరు అబద్ధం రాశారని నేను అనుకోవడం లేదు. రోజూ చేసే పని మనకు లెక్కలోకి రాదు. అందుకే నేను పేషెంట్లను 'వాడుతున్నారా' అని అడగడం తగ్గించి, 'అట్ట ఎన్ని రోజులకు అయిపోతుంది' అని అడుగుతుంటాను.

కిడ్నీలోకి రక్తం వెళ్లే సన్నని నాళాలు ముడుచుకుపోకుండా మన ఒంట్లోనే తయారయ్యే ప్రోస్టాగ్లాండిన్లు కాపాడుతుంటాయి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటి మాత్రలు వాటి తయారీని అడ్డుకుంటాయి. నొప్పి తగ్గేదీ అందుకే, కిడ్నీకి రక్తం తగ్గేదీ అందుకే. ఎండలో చెట్లెక్కి దిగి, చెమటతో ఒళ్లంతా ఎండిపోయినప్పుడు వేసుకుంటే దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. బీపీ మాత్రల్లో కొన్ని రకాలకు నొప్పి మాత్ర తోడైతే కిడ్నీ మరీ ఇబ్బంది పడుతుంది. మీది ఏ రకమో రాయలేదు. అలాగని బీపీ మాత్ర మీ అంతట మీరు మానకండి.

మీ కవిటి ఉన్న ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బుకు కారణం ఇదీ అని ఇప్పటికీ ఖాయంగా తేలలేదు. నీళ్లు, ఎండ, పురుగుమందులు, నొప్పి మాత్రలు, అన్నిటి మీదా అనుమానాలున్నాయి. కాబట్టి మీ క్రియాటినిన్ పెరగడానికి మాత్రలే కారణమని మిమ్మల్ని చూడకుండా నేను చెప్పలేను. 1.7 అంటే మీ వయసు మగవాళ్లలో కిడ్నీ పనితీరు నూటికి 50 దగ్గర ఉన్నట్టు లెక్క. అయితే ఒక్క పరీక్షతో తేల్చకూడదు. వారం పది రోజుల్లో మళ్లీ చేయించి, మూడు నెలలకు ఇంకోసారి చూశాకే పాత జబ్బు అనాలా వద్దా అన్నది తెలుస్తుంది. మాత్రలు ఆపాక కొంత తగ్గేవాళ్లూ ఉన్నారు. ఆ అవకాశం మీకూ ఉండొచ్చు. కానీ ఆ మాత్రల సంగతి మీ డాక్టరుకు తెలియాలి కదా. తెలియకపోతే ఆయన కారణం ఇంకెక్కడో వెతుకుతాడు, మీరు ఇంటికొచ్చి అదే మాత్ర వేసుకుంటారు.

నా దగ్గరకు వచ్చే ఒక పెద్దాయన బీపీ మాత్ర రోజూ వేసుకుంటున్నానని నాలుగు నెలలు చెప్పారు. బీపీ తగ్గడం లేదని మోతాదు పెంచాను, ఇంకో మందు కలిపాను. పండక్కి కూతురు వచ్చి, చీటీ చూసి, అన్నీ వేళకు దగ్గరుండి వేయించింది. మూడో రోజు ఉదయం పెరట్లో కళ్లు తిరిగి పడిపోయారు. తుంటి ఎముక విరిగింది. అసలు ఆయన వారానికి రెండు రోజులే వేసుకునేవారట. నేను ఆయన చెప్పిన మాటకు మందు రాశాను, ఆయన ఒంటికి కాదు. ఆ చీటీ మీద నా సంతకం ఇప్పటికీ గుర్తొస్తుంది.

ఇంకొకటి మన జిల్లాలోనే ఎక్కువ చూస్తాం. 'పొగ తాగుతారా అమ్మా' అంటే 'అబ్బే, నేదు బాబూ' అంటారు. నోరు తెరిపించి టార్చి వేస్తే అంగిలి తెల్లగా మందం కట్టి, మధ్యలో ఎర్రటి చుక్కలు. అడ్డపొగ! చుట్ట నిప్పు లోపలికి పెట్టి కాల్చడం ఆవిడ దృష్టిలో పొగ తాగడం కాదు, మీకు కల్లు మందు కానట్టే. శ్రీకాకుళం జిల్లాలో పదివేల మందికి పైగా పల్లెవాసుల నోళ్లు పరీక్షించి అంగిలి మీద ఈ మచ్చల గురించి 1971లోనే రాశారు. ఇన్నేళ్లయినా ఆ ఒక్క మాట బయటికి రాక, పుండు పడ్డాక వస్తున్నారు.

మీరు క్యాంపులో ఎందుకు దాచారో నాకు అర్థమైంది. ఊరివాళ్ల ముందు, తెలిసిన ఏఎన్‌ఎం (ఊరి నర్సు) ముందు ఎవరికైనా మొహమాటమే. అందరి మధ్య నిలబెట్టి అడగడం మా తప్పు కూడా. ఈసారి వెళ్లినప్పుడు 'డాక్టరు గారితో ఒక్క నిమిషం విడిగా మాట్లాడాలి' అనండి. పోయినసారి తప్పు చెప్పానని చెబితే తిడతారేమోనని ఆగకండి. ఒక మాట అన్నా అనిపించుకోండి, లెక్క మాత్రం పూర్తిగా చెప్పండి. కల్లు కూడా ఎన్ని ముంతలో చెప్పండి. రోజూ ఎక్కువగా తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపితే రెండు మూడు రోజుల్లో వణుకు, మతి చెదరడం లాంటివి రావచ్చు. ఆపడం కూడా డాక్టరుకు చెప్పే చేయాలి.

మీరు చేయాల్సింది: ఆ నొప్పి మాత్ర ఇక వేసుకోకండి. కానీ అది అట్టలోదేనా, లేక ఆర్‌ఎంపీ పొట్లం కట్టి ఇచ్చేవి కూడా ఏమైనా వాడారా? పొట్లాల్లో ఒక్కోసారి డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్ ఉంటుంది. నెలల తరబడి వాడి ఉంటే దాన్ని ఒక్కసారిగా ఆపడం ప్రమాదం. అందుకే ఆ పొట్లం, ఖాళీ అట్టలు ఉన్నవి ఉన్నట్టు సంచీలో వేసుకుని వెళ్లండి. కత్తిరించి ఇచ్చిన ముక్క మీద పేరు సగమే ఉన్నా పారేయకండి. నొప్పికి పారాసిటమాల్ మీకు సరిపోతుందా, ఎంత వాడొచ్చు అన్నది కల్లు సంగతి విన్నాక ఆయనే చెబుతారు. క్రియాటినిన్, పొటాషియం, షుగర్, మూత్రంలో ప్రొటీన్, కడుపు స్కానింగ్ అవసరం పడొచ్చు. పలాసలో కిడ్నీ ఆస్పత్రి 2023 డిసెంబరులో మొదలైంది, మీకు దగ్గరే. మూత్రం బాగా తగ్గినా, మొహం, కాళ్లు వాచినా, ఆయాసం, ఆగని వాంతులు ఉన్నా ఆ రోజే వెళ్లండి, ఈ జవాబు చదువుతూ కూర్చోకండి.

పథ్యం ఆ రిపోర్టులు చూశాకే. ఈలోగా ఎండు చేపలు, పచ్చళ్లు తగ్గించండి.

వెళ్లేటప్పుడు మీ ఆవిడను కూడా తీసుకెళ్లండి. ఆ ఇరవై మాత్రల్లో ఆమె వాడేవి ఎన్నో మీరు రాయలేదు. ఆమె క్రియాటినిన్ కూడా ఒకసారి చూపించండి.

జనరల్ ఫిజీషియన్, శ్రీకాకుళం